కందుకూరి వోల్టేజీ

పామూరు రోడ్డులో నాది మోటార్ల వైండింగ్ షాపు.
కాలిపోయిన బోరు మోటార్లు ట్రాలీ ఆటోల్లో వస్తాయి
పొట్టలో మాడిన వార్నిష్ వాసనతో.
పేగులు లాగేసి కొత్తవి చుట్టి పంపిస్తా.
ఇరవై రెండేళ్లుగా ఒకటే లెక్క:
ఎన్ని చుట్లు, ఏ గేజి తీగ.

కెజియా గిటారుకి యాంప్లిఫయరు కడదామన్నప్పుడు
ట్రాన్స్‌ఫార్మరు కూడా నేనే చుట్టా.
పెట్టె పాత ఇన్వర్టరుది,
స్పీకరు మూతబడ్డ సినిమాహాలుది.
ఒక్క గుంట మిగిలింది, ఎనిమిది కాళ్ల గుంట.
వచ్చీ పోయే కరెంటుని
వచ్చేదిగా మాత్రమే ఉంచే కాపలావాడు
కూర్చోవలసిన చోటు.

మాలకొండయ్య ఆ హాల్లో ఆపరేటరు.
మంచం కిందనుంచి బిస్కెట్ల రేకుడబ్బా లాగి
వాల్వులు ఒక్కొక్కటే పంచె అంచుతో తుడిచి
జల్లెడలో పేర్చాడు, కోడి గుడ్లు పేర్చినట్టు.
"రాళ్లపాడు కాలవ తూము చూశావుగా అబ్బయా,
ఇవీ తూములే. నీళ్లు వెనక్కి రానీవు."

భుజాలున్న పెద్దది, ఫైవ్ యూ ఫోర్.
మూడు ఆంపియర్లు పెట్టందే కళ్లు తెరవదు.
నేను చుట్టిన తీగ రెండుకి మించి మొయ్యదు.
దాన్ని మళ్లీ డబ్బాలో పడుకోబెట్టాం.

జీజెడ్ ముప్పైనాలుగు, అట్టపెట్టె సీలు తీయనిది.
నిదానంగా వేడెక్కుతుంది,
ఆ తర్వాత అడిగినంతా ఇస్తుంది, తడుముకోదు.
"అమ్మితే కంటి ఆపరేషను అయిపోద్ది" అన్నాడు.
అమ్మనని కూడా అన్నాడు.

మూడోది ఫైవ్ వై త్రీ, హాల్లో వాడి దించింది.
గాజు లోపల దీపంచిమ్నీకి పట్టినంత మసి.
"గట్టిగా లాగితే కుంగుద్ది" అని చెప్పి
అదీ నా చేతిలో పెట్టాడు.

నాలుగు డయోడ్లు వేస్తే పది రూపాయల్లో పోయేదానికి
ఇదంతా దేనికని అడిగా.
తాత గమ్మునుండిపోయాడు.
నేను చెప్పులు తొడుక్కునేటప్పుడు మాత్రం,
"అయితే మిక్సీ చేసుకో."

రాత్రి షట్టరు సగం దించి
కెజియాని ఖాళీ మోటారు పెట్టె మీద కూర్చోబెట్టా.
ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని
కుడి చేత్తో మీటరు ముల్లు ఆనించా.
తాత షరతు అది: ఒక చెయ్యి పనికి, ఒకటి ఇంటికి.

ముందు జీజెడ్. మూడొందల అరవై.
తీగ మీటేసరికే శబ్దం వచ్చి నిలబడి ఉంది,
పరీక్ష హాలు గుమ్మంలో హెడ్మాస్టరు లాగా.

తర్వాత మసిది. మూడొందల ఇరవై, అదీ ఊగుతూ.
కెజియా అరచేత్తో కొట్టినంత గట్టిగా మీటింది.
శబ్దం మునిగింది, బావిలో బొక్కెన మునిగినట్టు,
నిండాక లేచింది.

నాకు నచ్చలేదు.
సాయంత్రం ఐదింటికి చేలల్లో మోటార్లన్నీ ఒక్కసారే ఎత్తుకుంటే
కందుకూరి బల్బులన్నీ కామెర్లొచ్చినట్టు పచ్చబడతాయి.
ఆ కుంగుడుకే మోటార్లు మాడతాయి.
ఆ కుంగుడే నాకింత కూడు పెట్టింది,
అయినా రోజూ దాన్ని తిట్టుకుంటూనే తిన్నా.
ఇప్పుడు ఈ పిల్ల, నర్సింగు రెండో ఏడు,
పోయిపోయి దాన్నే కావాలంటోంది.
"ఇందులో నా వేలి బరువు తెలుస్తా ఉంది బాబాయ్."

పొద్దున్నే జీజెడ్ తిరిగిచ్చేశా.
ఏది పెట్టావని తాత అడగలేదు.
పెట్టె చెవి దగ్గర ఆడించి చూసుకుని
"పగల్లేదులే" అన్నాడు.

శనివారం చర్చిలో పాటల ప్రాక్టీసు.
చివరి వరస మధ్యలో కరెంటు పోయింది.
ఫ్యాన్లు ఆగాయి, మైకు చచ్చింది,
కీబోర్డు కుర్రాడి చేతులు గాల్లో ఉన్నాయి.
కెజియా తీగల మీద వేళ్లు ఎత్తలేదు.
చీకట్లో రెండు ఎర్రటి చుక్కలు సన్నబడుతుంటే
తొట్లో మిగిలిన నీళ్లు పారినట్టు
శబ్దం ఇంకా పారుతోంది.
చుట్లు లెక్కపెట్టే అలవాటు కదా,
ఒకటి, రెండు, మూడు.
నాలుగనేలోపు
ఎవరో అగ్గిపెట్టె అడిగారు.